ఒకే రేకు మీద రంగులన్నీ

కృష్ణారెడ్డి 1963లో చేసిన 'వర్ల్‌పూల్‌' అచ్చుచిత్రాన్ని పూతలపట్టు బస్టాండులో ఎవరికైనా చూపించండి. "దీంట్లో ఏముండాదబ్బా, గీతలు తప్ప?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కాగితం మీద దొరకదు, దాన్ని అచ్చువేసిన లోహపు రేకు మీద వెతకాలి.

కృష్ణారెడ్డి మనవాడే. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర, తర్వాత లండన్‌లో చదివారు. పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకుంటూనే హేటర్ నడిపే 'అటెలియే 17' అచ్చుశాలలో చేరారు. శిల్పి అచ్చుపనిలోకి దిగడమే ఇక్కడ అసలు సంగతి.

మామూలుగా రంగుల అచ్చుకు రంగుకో రేకు కావాలి. ఒకదాని మీద ఒకటి గురి తప్పకుండా అచ్చు వేయాలి. హేటర్, కృష్ణారెడ్డి, కైకో మోతీ వంటివారు అక్కడ అభివృద్ధి చేసిన పద్ధతిలో ఒక్క రేకు చాలు, ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే చాలు. రేకును ఉలితో, యాసిడ్‌తో రకరకాల లోతుల్లో చెక్కుతారు. ముందు గాళ్లలో సిరా నింపి పైన తుడుస్తారు. తర్వాత అవిసె నూనె ఎక్కువ కలిపిన పలచటి సిరాను గట్టి రోలర్‌తో దొర్లిస్తే ఎత్తైన చోట్లకే అంటుతుంది. ఆపైన మెత్తటి రోలర్‌తో చిక్కటి సిరా. అది పల్లాల్లోకి దిగుతుంది గానీ పలచటి సిరా ఉన్నచోట నిలవదు, నూనె ఎక్కువైన పెనం మీద దోసెపిండి జారినట్టు. ఏ రంగు ఎక్కడుండాలో లోతు, నూనె కలిసి తేలుస్తాయి.

ఇది తెలిశాక 'వర్ల్‌పూల్‌'ని మళ్లీ చూడండి. రంగు మారినచోటల్లా రేకులో మెట్టు మారిందన్నమాట. సుడి తిరిగే ఆ గీతల వల చదునైన బొమ్మ కాదు, లోహంలో తవ్విన శిల్పానికి ముద్ర. దీన్ని వట్టి రేఖాగణితం అంటే నేనొప్పుకోను. పేరులోనే నీటిసుడి ఉంది కదా. 1968 నాటి పారిస్ విద్యార్థుల ఊరేగింపులు కూడా ఆయన చేతిలో 'డెమాన్‌స్ట్రేటర్స్‌' అయ్యాయి.

1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. అక్కడి మోమా, మెట్ మ్యూజియాల్లో ఆయన అచ్చులున్నాయి. ఫోన్‌లో చూస్తే సగమే కనపడుతుంది: లోతు గీతల సిరా కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా నిలుస్తుంది, పక్కనుంచి వెలుతురు పడాలి. పైగా ప్రతి కాగితానికీ రేకుకు కొత్తగా సిరాలు పట్టించాల్సిందే. నూనె ఒక చుక్క అటూ ఇటూ అయినా, రోలర్ల వరస మార్చినా అదే రేకు నుంచి వేరే రంగుల బొమ్మ వస్తుంది.