దాచుకుంటే తగ్గదు, పరీక్షిస్తే తెలుస్తుంది

షుగర్ పరీక్షకు మనం సిగ్గుపడం. బీపీ చూపించుకోవడానికీ సిగ్గుపడం. అంగస్తంభన లోపం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో చెప్పం, డాక్టరుకూ చెప్పం. గోడ మీది ప్రకటన చూసి ఏ లాడ్జి గదికో వెళ్తాం. అక్కడ పరీక్ష ఉండదు, మందు పొట్లం మాత్రం ఉంటుంది. మేము వైద్యులం కాము, పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయినా సరైన డాక్టరు దగ్గర ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మొదటి పరీక్ష మాటలతోనే. ఎప్పటి నుంచి ఉంది, ఏ మందులు వాడుతున్నారు, పొగాకు అలవాటుందా అని అడుగుతారు. ఐదు ప్రశ్నల పత్రం ఒకటి ఉంది. మొత్తం 25 మార్కులు. 21 గానీ అంతకు తక్కువ గానీ వస్తే లోపం ఉందని అనుమానిస్తారు. ఇందులో అబద్ధం రాస్తే నష్టపోయేది మనమే.

ఆరోగ్యవంతుడికి నిద్రలో రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు అంగస్తంభన కలుగుతుంది. అది సక్రమంగా ఉంటే కారణం చాలావరకు మనసులోని దిగులే. అనుమానం తీరకపోతే చిన్న పరికరం అమర్చి రాత్రంతా నమోదు చేస్తారు.

తర్వాత రక్తపరీక్షలు: పరగడుపున షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, టెస్టోస్టిరాన్. ఈ చివరిదానికి ఉదయమే రక్తం ఇవ్వాలి. పొద్దెక్కేకొద్దీ దాని మోతాదు తగ్గుతుంది. తక్కువగా వస్తే మరో రోజు మళ్లీ చూస్తారు.

డాప్లర్ స్కాన్ అందరికీ అవసరం లేదు. సూదిమందు ఇచ్చి రక్తప్రవాహ వేగం కొలుస్తారు. సెకనుకు 25 సెంటీమీటర్ల లోపు ఉంటే ధమనులు సన్నబడ్డాయని అనుమానం. ఆ సూది తర్వాత స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇదంతా ఎందుకంటే, అక్కడి ధమనులు గుండె ధమనులకన్నా సన్నవి. పూడిక ప్రభావం ముందు అక్కడే కనబడవచ్చు, గుండెనొప్పికి కొన్నేళ్ల ముందే. గుండెజబ్బుకు నైట్రేట్ మాత్రలు వాడేవారు ఎవరో చెప్పారని ఈ సమస్యకు మాత్ర మింగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

కాబట్టి భార్యను నిందించకండి, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. దాచిపెట్టింది మగతనం గురించిన సిగ్గే అనుకుంటాం. దాని వెనక షుగరో, గుండెజబ్బో కూడా దాగి ఉండవచ్చు.