సెల్లార్‌లో సర్కారు

అపార్ట్‌మెంట్ సంఘాల చేతుల్లో లక్షల రూపాయల నిధులుంటాయి, వందల కుటుంబాల సదుపాయాలుంటాయి. వాటికి అధికారమిచ్చేవీ, ఆ అధికారానికి హద్దు గీసేవీ కాగితాలే. కమిటీలు చదవనివీ అవే

ఆదివారం ఉదయం పదిన్నర. సెల్లార్‌లో నాలుగు కార్లు బయటికి తీసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నూట ఇరవై ఫ్లాట్లకు గాను ముప్ఫై మంది వచ్చారు. మొదటి అంశం జమాఖర్చులు. పది నిమిషాలు గడవకముందే చర్చ మూడో అంతస్తు వారి కుక్క మీదికి, అక్కణ్నుంచి టెర్రస్ తాళం మీదికి మళ్లుతుంది. చివరికి ఏడాదిగా మెయింటెనెన్స్ కట్టని ఫ్లాటుకు నీళ్లు ఆపేయాలన్న ప్రతిపాదన చప్పట్ల మధ్య నెగ్గుతుంది. హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా, బెంగళూరులోనైనా అపార్ట్‌మెంట్ వాసులకు బాగా తెలిసిన దృశ్యమే ఇది. చప్పట్లతో నెగ్గినంత మాత్రాన తీర్మానం చట్టబద్ధమైపోదన్న సంగతే చాలామందికి తెలియదు.

అపార్ట్‌మెంట్ సంఘం కాలక్షేపానికి పెట్టుకున్న క్లబ్బు కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉమ్మడి ఆస్తుల నిర్వహణకు ఆధారం 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం. సంఘాలు ఎక్కువగా 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టాన్ని ఎంచుకున్నవీ ఉన్నాయి. 2016లో వచ్చిన రెరా చట్టం వీటికి మరింత బలమిచ్చింది. సంఘం ఏర్పడేలా చూడటం బిల్డర్ బాధ్యత అని, అందులో పాలుపంచుకోవడం కొనుగోలుదారు విధి అని ఆ చట్టం చెబుతోంది. టెర్రస్, పార్కు, సెల్లార్, పైకప్పులేని పార్కింగ్ స్థలం ఉమ్మడి ఆస్తి నిర్వచనం కిందికే వస్తాయి. స్థానిక చట్టం గడువేదీ పెట్టకపోతే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన మూడు నెలల్లోగా ఉమ్మడి స్థలాలను బిల్డర్ సంఘానికి రాసివ్వాలి. నిర్మాణ లోపాలను స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్ల లోపు చూపిస్తే సొంత ఖర్చుతో సరిచేయాలి.

కాగితం పట్టుకుని నిలబడితే సంఘం ఎంత దూరం వెళ్లగలదో నోయిడాలో తేలింది. ఎమరాల్డ్ కోర్ట్ అనే నివాస సముదాయంలో పచ్చిక ఉండాల్సిన చోట సూపర్‌టెక్ సంస్థ రెండు టవర్లు లేపింది. మంజూరైన ప్లాన్లు చూపించమని నివాసుల సంఘం అడిగితే నోయిడా అథారిటీ ఆ విన్నపాన్ని బిల్డర్‌కే పంపింది. బిల్డర్ ఇవ్వనన్నాడు. సంఘం 2012లో అలహాబాద్ హైకోర్టుకెక్కింది. కూల్చేయాలని 2014లో హైకోర్టు చెప్పింది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. టవర్ల మధ్య ఉండాల్సిన దూరం లేదని, ఉమ్మడి స్థలాన్ని తగ్గించేటప్పుడు ఫ్లాట్ల యజమానుల అనుమతి తీసుకోలేదని తేల్చింది. సంఘానికి రూ. 2 కోట్లు చెల్లించమని కూడా బిల్డర్‌ను ఆదేశించింది. 2022 ఆగస్టు 28న సుమారు వంద మీటర్ల ఆ టవర్లు క్షణాల్లో నేలమట్టమయ్యాయి. జీతం తీసుకోని కొందరు నివాసులు పదేళ్లపాటు ఫైళ్లు మోసిన ఫలితమది.

అన్ని సంఘాలకూ అంత పెద్ద యుద్ధం తప్పకపోవచ్చు గానీ, లెక్కలు తప్పవు. రిజిస్ట్రేషన్ వేళ బిల్డర్ చదరపు అడుగుకింత చొప్పున వసూలు చేసే కార్పస్ ఫండ్ సంఘం ఖాతాకు చేరిందా? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అగ్నిమాపక శాఖ అనుమతి, లిఫ్టుల ఒప్పందాలు చేతికొచ్చాయా? తాళంచెవులు తీసుకున్న రోజున ఇవి అడగని కమిటీ, తర్వాత అడగటానికి బిల్డర్ ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. జీఎస్టీ మరో తలనొప్పి. నెల చందా ఫ్లాటుకు రూ. 7,500 దాటకపోతే పన్ను లేదు. చందా అది దాటి, సంఘం వార్షిక రాబడి కూడా రూ. 20 లక్షలకు మించితే 18 శాతం పన్ను కట్టాలి. అయితే మొత్తం చందా మీదనా, 7,500 పైబడిన భాగం మీదనా? మొత్తం మీదనే అని 2019లో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. పైబడిన దాని మీద మాత్రమేనని 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఆడిటర్‌ను అడక్కుండా చందా పెంచేసే కమిటీ ఈ చిక్కులో సభ్యులందరినీ ఇరికిస్తుంది.

ఇక బాకీదారు సంగతి. మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీలకు సహకార చట్టం ఒక దారి చూపింది. రిజిస్ట్రార్ దగ్గర రికవరీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే బాకీని భూమిశిస్తు బకాయిలా వసూలు చేసుకోవచ్చు. మామూలు సొసైటీగా నమోదైన సంఘానికి ఆ సౌలభ్యం లేదు. బైలాల ప్రకారం నోటీసు, వడ్డీ, చివరికి సివిల్ దావా. అది నెమ్మదైన దారి కాబట్టే కమిటీలు వాల్వు కట్టేసే దారి వెతుక్కుంటాయి. కరెంటు కనీస సౌకర్యమని, దాన్ని కాదనడం కుదరదని 2022లో ఓ ఇంటి అద్దె వివాదంలో సుప్రీంకోర్టు అంది. నీళ్ల విషయంలో కోర్టు అంతకంటే ఉదారంగా ఉంటుందనుకోవడం అత్యాశే. కమిటీ నిర్ణయం నచ్చని సభ్యుడు 2001 చట్టం కింద జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు, లేదా మధ్యవర్తిత్వం కోరొచ్చు. అందుకు ఒక్క సభ్యుడు చాలు. అప్పుడు కోర్టు అడిగేది చప్పట్ల గురించి కాదు. సమావేశానికి నోటీసు ఎప్పుడిచ్చారు? కోరం ఉందా? బైలాల్లో ఆ అధికారం ఎక్కడుంది? మినిట్స్ ఏవి?

కుక్కల గొడవకూ ఇదే సూత్రం. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆవరణలోని వీధికుక్కలకు తిండి పెట్టే చోటును పిల్లల ఆటస్థలానికి, మెట్లకు దూరంగా ఏర్పాటు చేయడం సంఘం బాధ్యతేనని 2023 నిబంధనలు చెప్పాయి.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది కమిటీలు అసలు పట్టించుకోనిది. సెప్టిక్ ట్యాంకు నిండితే వాచ్‌మన్ ఎవరినో ఇద్దరిని పిలుచుకొస్తాడు, బేరం కుదురుతుంది, మనిషి లోపలికి దిగుతాడు. రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. పని పురమాయించినది మున్సిపాలిటీ అయినా, ఏజెన్సీ అయినా, వ్యక్తి అయినా ఒకటే. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ. 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మురుగు కాలువల్లో ప్రాణాలు కోల్పోయిన వారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో రూ. 30 లక్షలకు పెంచింది. వోచరు మీద సంతకం పెట్టేది గౌరవ కార్యదర్శే. పదవి గౌరవానికే అయినా బాధ్యత నిజమైనది.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. అపార్ట్‌మెంట్‌లో ఆ గొడ్డు లిఫ్టు కావచ్చు, బోరు కావచ్చు, కార్పస్ ఫండ్ కావచ్చు. దాన్ని బతికించేందుకు ఖర్చులేని పనులు కొన్నున్నాయి. గడువుకు ముందే నోటీసు బోర్డు మీద ఎజెండా పెట్టడం, ఏటా ఆడిట్ చేయించడం, కొత్త కమిటీ జాబితాను రిజిస్ట్రార్‌కు పంపడం, తీర్మానాన్ని అక్కడికక్కడే రాసి సంతకాలు తీసుకోవడం. కమిటీతో పాటు రాని తొంభై మందికీ ఇందులో వాటా ఉంది. ఆదివారం ఉదయం రెండు గంటలు కిందికి దిగి రావడమే ఆ వాటా.