వలస కార్మికుల రక్షణ - నగర విపత్తు సన్నద్ధత

హైదరాబాద్ (ప్రత్యేక వ్యాసం):

జీవనోపాధి కోసం నగరానికి తరలివచ్చిన కార్మికుల పేర్లు సాధారణంగా స్థానిక ఓటర్ల జాబితాలలోగాని, రేషన్ జాబితాలలోగాని ఉండవు. విపత్తు సంభవించినపుడు ఈ లోపమే వారి ప్రాణాలకు ముప్పుగా పరిణమిస్తుంది. కనుక జాబితాలలో లేనివారిని సైతం లెక్కలోనికి తీసుకొనడమే నగర విపత్తు ప్రణాళికకు తొలి మెట్టు.

లోతట్టు బస్తీలు

2000 ఆగస్టులో బేగంపేట వాతావరణ కేంద్రం వద్ద ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వర్షపాతం నమోదైంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వర్షాలకు అక్కడే 19 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. హుస్సేన్‌సాగర్‌లో కలిసే నాలాల వెంబడి ఉన్న బ్రాహ్మణవాడి, అల్లంతోట బావి, రసూల్‌పుర వంటి ప్రాంతాలకు ముంపు భయం కొత్త కాదు. అద్దె తక్కువ కావడం వల్ల కొత్తగా వచ్చినవారు లోతట్టు బస్తీలలోనే తలదాచుకొనడం సహజం. తెలుగులో మాత్రమే చేసే హెచ్చరిక బీహారు, ఒడిశా, పశ్చిమ బెంగాల్ నుండి వచ్చినవారికి చేరదు.

బోయిగూడ నేర్పిన పాఠం

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ సమీపంలోని బోయిగూడలో ఒక తుక్కు గోదాములో సంభవించిన అగ్నిప్రమాదంలో బీహారుకు చెందిన 11 మంది కార్మికులు మరణించారు. వారు పై అంతస్తులో నిద్రిస్తుండగా కింద మంటలు చెలరేగాయి. దిగివచ్చుటకు మెట్ల మార్గం ఒక్కటే ఉంది. పనిచేసే చోటే నివాసముండే కార్మికుల భద్రత నగరపాలక, అగ్నిమాపక, కార్మిక శాఖల ఉమ్మడి బాధ్యత అని ఈ దుర్ఘటన స్పష్టం చేసింది.

2020 లాక్‌డౌన్ కాలంలో తెలంగాణ ప్రభుత్వం వలస కార్మికులకు ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. ఆ ఏడాది మే 1న దేశంలో తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది.

చట్టపరమైన ఏర్పాట్లు

* విపత్తు నిర్వహణ చట్టం, 2005కు 2025లో చేసిన సవరణ ప్రకారం రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలు గల నగరాలకు ప్రత్యేక పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలను ఏర్పాటు చేయవచ్చును. హైదరాబాద్‌లో విపత్తు స్పందన కొరకు 2024 జులైలో 'హైడ్రా' ఏర్పడింది.
* అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, 1979 స్థానంలో వచ్చిన వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. స్వయంగా వచ్చి పనిలో చేరినవారు కూడా దీని నిర్వచనంలో ఉన్నారు. అయితే పాత చట్టం ఐదుగురు కార్మికులున్న సంస్థలకు వర్తించగా, వలస కార్మికులకు సంబంధించిన కొత్త నిబంధనలు పదిమంది ఉంటేనే వర్తిస్తాయి. అంతకు తక్కువ ఉన్నచోట నగరపాలక సంస్థ వ్యాపార లైసెన్సు తనిఖీ, అగ్నిమాపక తనిఖీ మరింత కీలకమవుతాయి.
* ఏ రాష్ట్రపు కార్డుతోనైనా రేషన్ పొందే విధానం 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య ప్రారంభమైంది.

చేపట్టవలసిన చర్యలు

వర్షాకాలానికి ముందే వార్డులవారీగా వలస కార్మికుల నివాసాలను గుర్తించాలి. హిందీ, ఒడియా, బెంగాలీ భాషలలో హెచ్చరికలు సిద్ధం చేయాలి. గోదాములలో రాత్రి బసను, రెండవ నిష్క్రమణ మార్గాన్ని తనిఖీ చేయాలి. పునరావాస కేంద్రాలలో ప్రవేశానికి చిరునామా పత్రం అడగరాదు. అత్యవసర సహాయానికి 112 నంబరును సంప్రదించవచ్చునని కార్మికులకు వారి భాషలోనే తెలియజేయాలి.