ఏ బల్బు చవక?

పిల్లలూ, ఈ నెల ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది. కరెంటు బిల్లు కట్టేది వాళ్ళే కదా!

కొట్లో రెండు బల్బులున్నాయి. ఒకటి లోపల సన్నని తీగ ఉండే పాత రకం, 60 వాట్లది. ధర 20 రూపాయలనుకుందాం. రెండోది 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు, 100 రూపాయలనుకుందాం. రెండింటి వెలుతురూ దాదాపు ఒకటే. ఏది చవక? "20 రూపాయలదే!" అంటారు మీరు. కాస్త ఆగండి.

కొట్లో ఒక్కసారే ఇస్తాం. కరెంటుకు నెలనెలా ఇవ్వాలి. ఆ ధర అట్టపెట్టె మీద వ్రాసి ఉండదు. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. మీరు చదువుకునే గదిలో రోజుకు 5 గంటలు దీపం వెలిగితే, 30 రోజులకు పాత బల్బు 9 యూనిట్లు తీసుకుంటుంది. ఎల్.ఇ.డి.కి ఒకటిన్నర యూనిట్ కూడా పట్టదు, సరిగ్గా 1.35. యూనిట్‌కు 5 రూపాయలైతే నెలకు 38 రూపాయలు మిగులు! అదనంగా పెట్టిన 80 రూపాయలు రెండు నెలలు దాటగానే తిరిగి వచ్చేస్తాయి.

మరి పాత బల్బు మింగిన కరెంటంతా ఏమైంది? అందులో నూటికి పది వంతులైనా వెలుతురుగా మారదు. మిగిలినదంతా వేడే. మనకు కావలసింది వెలుతురు, డబ్బు పోసింది వేడికి!

అయితే ఇంట్లో ఉన్న పాత బల్బులన్నీ పీకి పారేద్దామా? తొందరపడకండి. స్నానాలగదిలో రోజుకు 10 నిమిషాలే దీపం వేస్తారనుకోండి. అక్కడ బాగా వెలుగుతున్న బల్బు తీసేసి 100 రూపాయలది పెడితే, నెలకు మిగిలేది రూపాయి పావలా. పెట్టిన డబ్బు రావడానికి ఆరేళ్ళు దాటుతుంది. అది మాడిపోయినప్పుడు మార్చుకోవచ్చు. బల్బు అదే, లెక్క మాత్రం వేరు.

పెద్దలకు ఒక మాట. ఖర్చు తగ్గించాలని పిల్లవాణ్ణి గుడ్డిదీపం దగ్గర చదివించడం పొదుపు కాదు. చదువు సాగాలి, ఖర్చు తగ్గాలి. రెండూ కలిస్తేనే గిట్టుబాటు.

పిల్లలూ, ఒకటో తేదీన మీటరు మీది అంకె వ్రాసిపెట్టుకోండి. మళ్ళీ ఒకటో తేదీన చూసి తీసివేత చేయండి. మీ ఇంట్లో ఏ గది దీపం ఎక్కువసేపు వెలుగుతుందో కనిపెట్టి, ముందు దాని లెక్క నాన్నకు చూపించండి.