ఆరోగ్యవరం శానటోరియం కథ



పోయిన ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూస్తుంటే, అంతకుముందు మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయి పేరు కనబడలేదు. ఇంటికి వెళ్ళి అడిగాను. "ఊరికి పంపినం సార్" అన్నారు. టీబీ అని తేలిందట. భివండీలో నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావని తల్లి భయం. చదువు ఆగిపోయింది.

టీబీ వస్తే మనిషిని దూరంగా పంపాలన్న ఆలోచన ఊరికే పుట్టలేదు. రాయలసీమలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం చరిత్ర చదివితే అది తెలుస్తుంది. అనేక క్రైస్తవ మిషన్లు కలిసి నడిపిన ఈ ఆసుపత్రి 1915లో మొదలైంది. మొదటి సూపరింటెండెంట్ డెన్మార్క్ దేశస్థుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్. అప్పటికి క్షయకు మందు లేదు. ఉన్న వైద్యమల్లా ఎత్తైన ప్రదేశంలో మంచి గాలి, పూర్తి విశ్రాంతి, బలమైన తిండి. కొందరికి ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి, ఊపిరితిత్తిని కొన్నాళ్ళు ముడిచి ఉంచేవారు. నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు అక్కడే ఉండాలి. మన దేశంలో బి.సి.జి. టీకా పని 1948లో మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. 1952 నుండి ఐసోనియాజిడ్ వాడకంలోకి వచ్చింది. తర్వాత 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. పేద కుటుంబాల రోగుల్లో కొందరిని శానటోరియంలో చేర్చారు, కొందరికి ఇరుకు ఇళ్ళలోనే ఉంచి అవే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవారికి తిండీ తక్కువే, విశ్రాంతీ తక్కువే. అయినా 1959లో ఫలితాలు వచ్చేసరికి ఇద్దరికీ దాదాపు ఒకే తీరున నయమైంది. ఇంట్లో ఉన్నవారి వల్ల కుటుంబంలో మిగతావారికి జబ్బు ఎక్కువగా అంటనూ లేదు. దానితో ప్రపంచమంతటా శానటోరియాల అవసరం తగ్గిపోయింది. ఆరోగ్యవరం కూడా అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రిగా మారింది.

భవనాలు మారాయి గానీ మన సాంచాల గల్లీల్లో మాట మారలేదు. నన్నడిగితే ఆ అమ్మాయిని ఊరికి పంపింది జబ్బు కాదు, ఆ పాత మాటే.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు, అవీ ఉచితమే. మధ్యలో ఆపకూడదు. 2024 నవంబరు నుండి పోషణకు నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తున్నారు.

ఆ అమ్మాయి మందుల కోర్సు పూర్తి చేసి మళ్ళీ కాలేజీలో చేరింది. ఈసారి దరఖాస్తు గడువు దాటాక వచ్చింది. తీసుకున్నాం.