ఒక్కో అక్షరంగా దొరికిపోయే తాళం

1983లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘వార్‌గేమ్స్’ చూసి ఒక పాఠకుడు అడిగారు: అందులో ‘వోపర్’ అనే కంప్యూటర్ అణుక్షిపణుల కోడ్‌ను ఒక్కో అక్షరం చొప్పున పట్టేస్తుంది, అదెక్కడైనా అయ్యే పనేనా అని. ఈ ప్రశ్న చదివాక ఇంకో పని తోచలేదు. పైథాన్‌లో ఆ తెరను నేనే తయారుచేశాను. పది గళ్లలో అక్షరాలూ అంకెలూ గిర్రున తిరుగుతూ ఒక్కోటీ ఆగి, చివరికి సినిమాలో ఉన్నట్టే ‘సీపీఈ 1704 టీకేఎస్’ అని నిలుస్తాయి.

సినిమా వోపర్ మాత్రం సెట్‌కోసం కట్టిన పెట్టె. లోపల ఒక మనిషి ఆపిల్-2 ముందు కూర్చుని, దర్శకుడు చెప్పినప్పుడల్లా మీటలు నొక్కేవాడు. షూటింగ్ అయ్యాక దాన్ని తుక్కు చేసేశారు.

ఇక లెక్క. 26 అక్షరాలు, 10 అంకెలు, పది స్థానాలు. 36ను పదిసార్లు వేసి గుణిస్తే సుమారు 3,656 లక్షల కోట్ల కోడ్‌లు. సెకనుకు పది లక్షలు పరీక్షించినా అన్నీ చూసేసరికి దాదాపు 116 ఏళ్లు. అదే ఒక్కో స్థానం విడిగా తేలితే 360 ప్రయత్నాలు చాలు!

‘తాళం తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోదు. మూడో అక్షరం కుదిరిందని మధ్యలో చెబుతుందా?’ అని సినిమాను ఎద్దేవా చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాపం, వాళ్లకు టెనెక్స్ కథ తెలియదు.

టెనెక్స్ 1970లలో పీడీపీ-10 కంప్యూటర్ల మీద నడిచిన ఆపరేటింగ్ సిస్టమ్. పాస్‌వర్డ్‌ను ఎడమ నుంచి ఒక్కో అక్షరం పోల్చుకుంటూ వెళ్లి, తేడా వచ్చిన చోటే ఆగి ‘తప్పు’ అనేది. మెమరీ పేజీలుగా ఉంటుంది కదా. మనం ఊహించిన పాస్‌వర్డ్‌లో మొదటి అక్షరాన్ని ఒక పేజీ చిట్టచివర పెట్టి, మిగతావి పడాల్సిన తర్వాతి పేజీని కేటాయించకుండా వదిలేస్తే? మొదటి అక్షరం తప్పయితే సిస్టమ్ అక్కడే ఆగిపోతుంది, రెండో పేజీ జోలికి పోదు. ఒప్పయితే రెండో అక్షరం కోసం వెళ్లి, లేని పేజీని తాకి తడబడుతుంది. ఆ తడబాటే మనకు జవాబు! తర్వాత పాస్‌వర్డ్‌ను ఒక్క స్థానం ఎడమకు జరిపి రెండో అక్షరం మీద పడటమే. ఎంత అందమైన దొంగతనం!

1996లో గూఢలిపి నిపుణుడు పాల్ కోచర్ ఇంకో మెట్టు ఎక్కాడు. గూఢలిపి లెక్కకు పట్టే సమయాన్ని కొలిచి, దానితోనే రహస్య సంఖ్యను రాబట్టవచ్చని చూపించాడు.

సినిమావాళ్లు తప్పింది వేరే చోట. వోపర్‌కు అక్షరాలు చిందరవందరగా దొరుకుతాయి. టెనెక్స్ పద్ధతిలో ఎడమ నుంచి వరుసగానే దొరకాలి. నా ప్రోగ్రామ్‌లో అలాగే పెట్టాను.

దీనివల్ల ఉపయోగమేమిటని మాత్రం అడక్కండి; ప్రతిదానికీ ఉపయోగం చూపించమనే రోగం ఈమధ్య బాగా ముదిరింది. కావలసినవారు పత్రికకు రాస్తే ప్రోగ్రామ్ ఉచితంగా పంపుతాను. అందులో పోలిక చేసే నాలుగు లైన్లను, తేడా కనబడినా చివరిదాకా పోల్చాకే జవాబిచ్చేలా మార్చి నడపండి. మీ మనవల పెళ్లిళ్లయ్యేదాకా గళ్లు తిరుగుతూనే ఉంటాయి.