సాబా ద్వీపమున విశ్రాంతి దినములు

విశ్రాంతి యనినంతనే మనలో ననేకులకు తీర్థయాత్రయో పుట్టింటి ప్రయాణమో జ్ఞప్తికి వచ్చును. ఆ రెంటను సంతోషము కలదు గాని విశ్రాంతి యరుదు. యాత్రలో మూటలు లెక్కించునదియు, బిడ్డల యాకలి కనిపెట్టునదియు, మరునాటి దారికి పులిహోర కలుపునదియు గృహిణియే. పొయ్యి మారును గాని పని మారదు. చూడవలసిన తొందర లేనిచోట, ఒకరు వండిపెట్టగా, నాలుగు దినములు ఊరక కూర్చుండుట యెట్లుండునో తెలియగోరు సోదరీమణులకు కరిబియను సముద్రమునందలి సాబా యను చిన్న ద్వీపమును గూర్చి చెప్పుదుము.

సాబా వైశాల్యము 13 చదరపు కిలోమీటర్లు. జనులు సుమారు 2,000 మంది. సముద్రమునుండి నిట్టనిలువుగ లేచిన యగ్నిపర్వతమే ద్వీపమంతయు. ఇది నెదర్లాండ్సు రాజ్యములోనిది. 2010 అక్టోబరు 10వ తేదీనుండి ఆ దేశపు ప్రత్యేక పురపాలక ప్రాంతముగ నున్నది. అయినను ఇచటివారు మాటాడునది ఇంగ్లీషు. చెల్లునది అమెరికా డాలరు.

ఇతర కరిబియను ద్వీపములకు పేరు తెచ్చిన యిసుక తీరములు ఇచట లేవనియే చెప్పవచ్చును. ఆ లోపమే దీనిని కాపాడినది. పెద్ద హోటళ్లు వెలయలేదు. యాత్రికుల గుంపులు దిగలేదు. పొరుగున నున్న సెయింట్ మార్టిన్‌నుండి చిన్న విమానము పావుగంటలో వచ్చి చేరును. 1963లో తెరచిన యిచటి విమానాశ్రయపు బాట 400 మీటర్లు మాత్రమే. ప్రయాణికుల విమానములు దిగు బాటలలో నింత పొట్టిది లోకమున మరొకటి లేదని ప్రసిద్ధి. గుండె గట్టిది కానివారు పడవమీద రావచ్చును.

అతిథిగృహములు పెక్కు కొండమీది విండ్‌వర్డ్‌సైడ్ గ్రామమున నున్నవి. ఊరంతయు తెల్లని గోడలు, ఎఱ్ఱని కప్పులు, పచ్చని కిటికీ తలుపులు. బస చేయు గృహములును అట్టివే: కొన్ని గదులు, ముందొక వసారా, దిగువను సముద్రము. ఎత్తుమీద నుండుటచే సాయంకాలమునకు గాలి చల్లబడును; శాలువ యొకటి దగ్గర నుంచుకొనుట మేలు. ఉదయమున మబ్బు కొండమీదనుండి దిగి పెరటి చెట్లలో నిలుచును. నడువగల వారికి మౌంట్ సీనరీ శిఖరమునకు 1,064 మెట్లు గలవు. పైకి పోయినకొలది అడవి తడిగ నుండి, చెట్ల మ్రాకులు నాచుతోను ఫెర్నుమొక్కలతోను కప్పబడి యుండును. నడువనొల్లని వారు వసారాలో కూర్చుండినను తప్పు పట్టువారు లేరు.

అయితే ఈ ప్రశాంతత సోమరితనమువలన కలిగినది కాదు. పూర్వము ఇచటి పురుషులు నావికులై నెలల తరబడి సముద్రముమీద నుండగా, ఇల్లును ఊరును నడపినవారు స్త్రీలు. అందుచే దీనికి స్త్రీల ద్వీపమను పేరు కలిగెను. గెర్ట్రూడ్ జాన్సన్ అను నామె కారకాస్ నగరపు క్రైస్తవ సన్యాసినులయొద్ద నొక కుట్టుపని నేర్చి, 1870 తరువాతి దశకమున ఇచటి స్త్రీలకు నేర్పెను. బట్టనుండి కొన్ని పోగులు లాగివైచి, మిగిలిన వానిని సూదితో ముడివేసి పూవులుగ తీర్చుటయే ఆ పని. వారు దానిని టపా మూలమున అమెరికాకు పంపి అమ్మిరి. 1928 నాటికి ఏటేట సుమారు 15,000 డాలర్ల సరకు పోయెడిదట. మన నరసాపుర ప్రాంతపు స్త్రీలు అల్లు లేసు వేరు విధమైనదైనను, ఇంట కూర్చుండి సూదిమొనతో సంసారము నీడ్చిన కథ రెండు చోట్లను ఒక్కటియే.

ఆ కాలమున ఓడలో వచ్చిన సరకంతయు సముద్రపుటొడ్డునుండి రాతిలో చెక్కిన 800 మెట్లమీదుగా తలపై నెక్కవలసినదే. బాట వేయుట యసాధ్యమని ఇంజనీర్లు చెప్పిరి. జోసెఫస్ లాంబర్ట్ హసెల్ అను స్థానికుడు టపా మూలమున నిర్మాణశాస్త్రము చదివి, 1938లో పని నారంభించెను. జనులు యంత్రములు లేకయే చేతులతో సుమారు ఇరువదేండ్లు శ్రమించి దానిని ముగించిరి. నేడు అతిథులు కారులో సుఖముగ నెక్కునది ఆ బాటయే.

ద్వీపమున నదులు లేవు. కప్పుమీద పడిన వాననీరు ఇంటి తొట్టిలో చేరును; ఆ నీటిపైననే సంసారము. కావున బస చేయువారు కుళాయి నూరక విడువరాదు. జూను మొదలు నవంబరు వరకు తుపానుల కాలము. డిసెంబరునుండి ఏప్రిలు వరకు పోవుట యుత్తమము.

అంత దూరము పోగలవారు కొందరే. కాని మెట్లమీద బరువులు మోసిన యా స్త్రీల యూరు నేడు విశ్రాంతికి పేరొందినదని వినినప్పుడు, పనియెరిగిన వారికే విశ్రాంతి విలువ తెలియునని తోచుచున్నది. విశ్రాంతి కోరుట తప్పని మనము సంకోచింప నక్కరలేదు. నెలకొక్క దినమైనను ఇంటివారే పొయ్యి వెలిగించి, గృహిణిని వసారాలో కూర్చుండనిచ్చినచో, ఆ సుఖమున కొంత మన వాకిటనే దొరకును.